మల్లయ్య దారిలో మన నీళ్ల బండి

చెల్లీ,

ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే మీ గుంపులో ఈ ఏడు నీళ్ల బాధ్యత నీకు అప్పజెప్పారని రాశావు. మంచి చేతిలోనే పెట్టారు. ట్రాక్టరు ట్రాలీకి టార్పాలిన్ గూడు కట్టి, బియ్యం మూటలు, జొన్న రొట్టెల గంపలు, గురెళ్ల పొడి డబ్బాలు, గ్యాసు పొయ్యి, దుప్పట్లు సర్దుకుని ఇరవై మంది బయల్దేరుతున్నారు. అడవి దారి వచ్చేదాకా ఆ ట్రాలీయే మీ వంటిల్లు, అదే మీ పడకగది. అందులో ఒక మూలకు చిన్న నీళ్ల ఫిల్టరు అమర్చుకోవాలి, పెద్ద ఖర్చు లేకుండా ఎట్లా అక్కా అని అడిగావు. దా, తీరిగ్గా చెప్పుకుందాం.

బళ్లారి సీమలో ఈ నడక ఎంత పెద్ద పండగో వేరే ఊరి వాళ్లకు చెప్పినా అర్థం కాదు. శ్రీశైలం అమ్మవారు భ్రమరాంబను మన ఇంటి ఆడపడుచు అంటాం. చీర, గాజులు, పసుపు కుంకుమ పట్టుకుని పుట్టింటి వాళ్లలాగే పోతాం. ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు, తెలుగు మాట్లాడేవాళ్లు, రెండూ కలిపి మాట్లాడే మనలాంటి వాళ్లు, అందరిదీ ఒకటే కేక, మల్లయ్యా అని. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు వైపు పోయింది, ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. అయినా నడిచేవాళ్లకు ఆ సరిహద్దు గీత ఎప్పుడూ అడ్డం రాలేదు. ఆలూరు దాటి, కర్నూలు మీదుగా ఆత్మకూరు, అక్కణ్ణుంచి వెంకటాపురం, ఆపైన నల్లమల. మొత్తం రెండొందల కిలోమీటర్లకు పైనే. దారి పొడుగునా ఊళ్ల వాళ్లు అన్నాలు పెడతారు, మజ్జిగ పోస్తారు, చలివేంద్రాలు వేస్తారు. వాళ్ల చేతులకు దండం పెట్టాలి. కానీ ఇరవై మంది కడుపులను పూర్తిగా దారిలో దొరికే నీళ్లకే వదిలేయకూడదు. మార్చి ఎండలో నడిచే మనిషికి విరేచనాలు పట్టుకుంటే ఒక్క పూటలో కూలబడిపోతారు. వెంట పిల్లలుంటే ఇంకా భయం.

ఫిల్టరు సంగతికి ముందు ఒక మాట చెప్పనీ. మన జిల్లాలో నీళ్లంటే రెండు భయాలున్నాయి, ఆ రెండింటినీ మనవాళ్లు ఎప్పుడూ ఒకటిగా కలిపేస్తారు. మొదటిది ఫ్లోరైడు. బళ్లారి, అనంతపురం, కర్నూలు పల్లెల్లో చాలా బోర్లలో అది ఉంది. పళ్ల మీద గోధుమ రంగు చారలు, పెద్దయ్యాక నడుం వంగకపోవడం, మోకాళ్లు పట్టేయడం, ఇవన్నీ దాని పనులే. ఇది కొత్త కథేం కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో జనం ఎముకలు ఇట్లా బిగుసుకుపోతున్నాయని 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు. రెండోది క్రిములు. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు, మామూలు విరేచనాలు ఈ దారినే వస్తాయి.

ఫ్లోరైడు ఏళ్ల తరబడి తాగితే నరకం చూపిస్తుంది. పది పదిహేను రోజుల నడకలో దానివల్ల నీకేమీ కాదు. క్రిములు అట్లా కాదు, ఇవాళ తాగితే రేపో ఎల్లుండో పడేస్తాయి. కాబట్టి ఇంట్లో భయపడాల్సిన నీళ్లు వేరు, దారిలో భయపడాల్సిన నీళ్లు వేరు. ఈ ఒక్కటి నీకు పట్టుబడితే ఏ ఊళ్లో డ్రమ్ము నింపాలో నిన్ను ఇంకెవరూ గందరగోళపెట్టలేరు.

దారిలో నీ మొదటి ఎంపిక పట్టణాల్లో శుద్ధి చేసి వదిలే కుళాయి నీళ్లు. బళ్లారిలో బయల్దేరేటప్పుడు ఒకసారి, కర్నూల్లో ఒకసారి, ఆత్మకూరులో ఒకసారి నింపుకో. అవి దొరకని చోట చేతిపంపు, లేదంటే మూత ఉన్న బోరు. చుట్టూ కట్టిన గచ్చు పగలకుండా, పక్కన మురికి కాలువా, దొడ్డీ లేకుండా ఉంటే చాలు. కాస్త ఉప్పగా, చప్పగా ఉన్నా పర్లేదు. పారే కాలువ నీళ్లు ఆ తర్వాతి మాట. తుంగభద్ర కాలువైనా, సుంకేసుల దగ్గర మొదలయ్యే కె.సి. కాలువైనా, చూడ్డానికి చల్లగా తేటగా పారుతుంటే మనసు లాగుతుంది. కానీ మిరప చేలు, పత్తి చేలలో కొట్టిన మందులు, గేదెలు దిగిన రొచ్చు, ఊళ్ల మురుగు అన్నీ అందులోకే చేరతాయి. ఆ నీళ్లు కాళ్లు కడుక్కోడానికి, గిన్నెలు మొదటిసారి తొలవడానికి వాడుకో. కుంటల జోలికి అసలు పోవద్దు.

"టీడీఎస్ పెన్ను కొనుక్కుంటే తెలుస్తుంది కదక్కా" అని రాశావు చూడు, అది విను. ఆ పెన్ను నీళ్లలో కరిగిన లవణాల లెక్క చూపిస్తుంది, అంతే. మన దేశపు ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. కానీ కలరా క్రిములు కోట్లు ఉన్న నీళ్లలో ముంచినా ఆ పెన్ను 200 అని చూపించొచ్చు. ఫ్లోరైడునూ విడిగా చెప్పలేదు. అది కొనే డబ్బులతో క్లోరిన్ మాత్రలు కొను.

ఇప్పుడు డ్రమ్ము. రెండొందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కావాలన్నావు. ఇరవై మందికి తాగడానికి తలకు నాలుగు లీటర్లు, వంటకు ఇంకో లీటరు వేసుకున్నా రోజుకు వంద లీటర్లు, అంటే రెండు రోజులకు సరిపోతుంది. కొలత బాగానే ఉంది. ఎక్కడ కొంటావన్నదే నా బెంగ. మన బళ్లారి జీన్స్ ప్యాంట్లకు పేరుపడ్డ ఊరు. ఆ బట్టను ఉతికి రంగు తేల్చే యూనిట్లలో వాడేసిన రసాయనాల డ్రమ్ములు పాత సామాన్ల కొట్లకు వస్తాయి, తక్కువ ధరకే ఇస్తారు, కడిగితే తళతళలాడతాయి. పురుగు మందులు వచ్చిన డబ్బాలూ, డ్రమ్ములూ అంతే. వద్దమ్మా, ఎంత చవకైనా వద్దు. ప్లాస్టిక్ ఆ మందును లోపలికి పీల్చుకుని ఎండకు మెల్లమెల్లగా మళ్లీ నీళ్లలోకి వదుల్తుంది. సబ్బూ, బూడిదా, వేణ్నీళ్లూ దాన్ని కడగలేవు. తిండి సరుకులకు పనికొచ్చేదని గుర్తున్న కొత్త డ్రమ్ము అడిగి కొను. డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే ఇంకెక్కడైనా మిగుల్చుకో, ఇక్కడ మాత్రం కాదు.

డ్రమ్ముకు కుళాయి బిగించేటప్పుడు అడుగు నుంచి ఒక జానెడు ఎత్తులో బిగించమను. ఆ జానెడు జాగాలోనే మడ్డి దిగుతుంది. మట్టానికి బిగిస్తే తేరుకున్న మడ్డంతా మళ్లీ నీ గ్లాసులోకే. డ్రమ్ము చుట్టూ తడి గోనెపట్టా చుట్టు. నీళ్లు చల్లగా ఉంటాయన్నది ఒకటి, లోపలికి వెలుతురు పోక పాచి పట్టదన్నది ఇంకొకటి.

నీళ్లు తేర్చడం మాత్రం మన అమ్మమ్మల దగ్గర నేర్చుకోవాల్సిందే. చిల్లగింజ గుర్తుందా నీకు? కడవ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసి నీళ్లు పోస్తే పొద్దున్నకల్లా బురద అడుక్కు దిగిపోయేది. ఆ గింజ సంగతి సుశ్రుత సంహితలోనే ఉంది. మునగ గింజల పొడీ అదే పని చేస్తుంది. నువ్వు దారిలో గింజలు నూరుతూ కూర్చోలేవు కాబట్టి పటిక చాలు. రెండొందల లీటర్లకు పది గ్రాముల పటిక పొడి, నీళ్లు మరీ ఎర్రగా ఉంటే ఇరవై. ముందు ఒక చెంబు నీళ్లలో కరిగించి డ్రమ్ములో పొయ్యి. ఒక నిమిషం గట్టిగా తిప్పు, తర్వాత అయిదు నిమిషాలు మెల్లగా తిప్పు. ఆ మెల్లగా తిప్పడమే ముఖ్యం. బురద రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పీచు పీచుగా, దూది తునకల్లా తేలడం కంటికి కనిపిస్తుంది. అప్పుడు వదిలేస్తే తెల్లారేసరికి దిగిపోతాయి. రాత్రి మకాం చేసిన చోటే ఇది చెయ్యి, ట్రాలీ కదులుతుంటే ఏదీ తేరదు. కుళాయి నీళ్లకూ, తేటగా ఉన్న బోరు నీళ్లకూ పటిక అక్కర్లేదు.

డ్రమ్ములోకి నీళ్లు పోసేటప్పుడే మూతికి ఒక పాత నూలు చీర కట్టు. పాతదే కావాలి. కొత్త చీర పోగుల మధ్య సందులు పెద్దవి. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరలో ఆ సందులు పూడుకుపోయి బాగా సన్నమవుతాయి. ఎనిమిది మడతలు వెయ్యి. ఇది నా సొంత కవిత్వం కాదు. బంగ్లాదేశ్‌లోని మట్లాబ్ ప్రాంతంలో 65 పల్లెల్లో రీటా కోల్‌వెల్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె జట్టువాళ్లు దీన్ని పరీక్షించారు. పాత చీరను మడతలు పెట్టి వడగట్టుకున్న ఇళ్లలో కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రచురించారు. కలరా క్రిమి నీళ్లలో విడిగా తిరిగే దానికంటే కంటికి కనీకనిపించని చిన్న నీటి పురుగులను అంటిపెట్టుకుని ఉండేది ఎక్కువ. ఆ పురుగులు చీర మడతల్లో ఆగిపోతాయి, వాటితోపాటు అదీ ఆగిపోతుంది. ఖర్చు సున్నా. మన బీరువా అడుగున పడున్న చీర సగం కలరాను ఆపిందంటే నాకు చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఆ చీరను రోజూ ఉతికి, ఎండలో ఎండబెట్టి మళ్లీ కట్టాలి, ఎప్పుడూ అదే వైపు పైకి ఉండాలి.

అసలు ఫిల్టరు దగ్గరికి వస్తున్నా. మూడు కుండల్లో ఇసుక, బొగ్గు, గులకరాళ్లు వేసి కట్టుకుందాం అని మీ గుంపులో ఒక అన్న చెప్పాడట. ఇంటి వసారాలో అయితే నేనూ సరే అనేదాన్ని. ట్రాలీలో మాత్రం ఆలూరు చేరేలోపే ఆ కుదుపులకు ఇసుకలోకి బొగ్గు, బొగ్గులోకి రాళ్లు దిగిపోయి, నీళ్లు ఒక పక్కనుంచి దారి చేసుకుని వడబడకుండానే కారిపోతాయి. దానికి బదులు ఇంటి ఫిల్టర్ల సామాన్లు అమ్మే కొట్లో పది అంగుళాల ప్లాస్టిక్ గొట్టపు గిన్నెలు దొరుకుతాయి, హౌసింగ్ అంటారు. రెండు తీసుకో. మొదటి దాంట్లో అయిదు మైక్రాన్ల దారపు చుట్ట, దాన్ని వాళ్లు స్పన్ అంటారు. రెండో దాంట్లో కార్బన్ క్యాట్రిడ్జి. ఒక చెక్క పలకకు రెండింటినీ పక్కపక్కన బిగించి, ఆ పలకను ట్రాలీ లోపలి గోడకు బోల్టులతో కట్టేయమను. నీళ్లు ముందు దారపు చుట్టలోకి, తర్వాత కార్బన్‌లోకి పోవాలి. తలకిందులైతే కార్బన్‌లో మట్టి దూరి రెండు రోజుల్లో మూసుకుపోతుంది. గిన్నెల మీద లోపలికి, బయటికి అని బాణం గుర్తులుంటాయి, చూసి బిగించు.

నీళ్లను తోయడానికి పన్నెండు వోల్టుల చిన్న మోటారు చాలు, ట్రాక్టరు బ్యాటరీ మీదే నడుస్తుంది. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరులో ఉండేది కూడా అలాంటి మోటారే. అందుకే నా గుండె గుబేలుమంటోంది. మన రైతిళ్లలో పాత స్ప్రేయరు ఒకటి కచ్చితంగా మూలన పడి ఉంటుంది, "దాంట్లోంచి మోటారు పీకి పెడదాంలే" అని ఎవరో ఒకరు అంటారు. ఒట్టేసి చెబుతున్నా, ఆ మాట వినొద్దు. పురుగు మందు పోయిన మోటారును, పైపును, వాషరును తాగే నీళ్లకు వాడడం విషం పుచ్చుకోవడమే. కొత్తది కొను. దాని తీగకు ఫ్యూజు పెట్టించు. పైపు కూడా తోటకు పెట్టే పచ్చ పైపు వద్దు, ఎండకు రబ్బరు వాసన నీళ్లలోకి దిగుతుంది, ఆహారానికి పనికొచ్చే తెల్ల గొట్టం అడుగు. మోటారు మెల్లగా తోసేదైతేనే మేలు, కార్బన్‌లో నీళ్లు కాసేపు నిలవాలి. గబగబా లాగితే వాసన పోదు, రంగు పోదు.

ఇదంతా చేశాక గ్లాసులోకి చూస్తే నీళ్లు అద్దంలా ఉంటాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఇక్కడే మోసపోతారు. అయిదు మైక్రాన్ల చుట్టలో క్రిములు ఆగవు. ఒక్కో క్రిమి ఒకటి రెండు మైక్రాన్లే, పచ్చకామెర్ల వైరస్‌లు దానికంటే ఎన్నో రెట్లు చిన్నవి. కార్బన్ వాసన తీస్తుంది, క్లోరిన్‌ను తీస్తుంది, పురుగు మందులను కొంత పట్టి ఉంచుతుంది, కానీ క్రిములను చంపదు. పైపెచ్చు రాత్రంతా నీళ్లు నిలిచిన కార్బన్‌లో క్రిములు పెరుగుతాయి కూడా. అందుకే పొద్దున మోటారు వేయగానే మొదట వచ్చే రెండు మూడు లీటర్లు గిన్నెలకు వదిలెయ్. కొందరు ముందే డ్రమ్ములో క్లోరిన్ వేసి, చివర కార్బన్‌తో ఆ వాసన తీసేస్తారు. ఇంట్లో వెంటనే తాగేస్తాం కాబట్టి చెల్లుతుంది. దారిలో క్యానుల్లో నింపి రోజంతా తాగే నీళ్లకు కాపలా ఒకటి ఉండి తీరాలి. కాబట్టి నా మాట విని క్లోరిన్ చివర వెయ్యి. వడబోసిన నీళ్లు ఇరవై లీటర్ల క్యానులోకి నింపాక మాత్ర వేసి, మూత పెట్టి, అరగంట ఆగు. ఏ మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద రాసి ఉంటుంది, దాన్నే పాటించు, అందాజాలు వద్దు. అరగంట తర్వాత మూత తీస్తే సన్నగా మందు వాసన రావాలి. వస్తే మంచిదే. ఆ వాసన పడని వాళ్లుంటే గ్లాసులో పోసి కాసేపు ఉంచి తాగమను. బ్లీచింగ్ పౌడరు మూట మాత్రం కట్టుకుపోవద్దు. గాలి తగిలితే దాని పవరు పోతుంది, ఎంత వేయాలో దారిలో తేలదు.

వడబోత, క్లోరిన్ ఇంత చాదస్తం అవసరమా అని ఎవరైనా అంటే జర్మనీలో జరిగింది చెప్పు. 1892లో హాంబర్గ్ పట్టణంలో కలరా వచ్చి 8,000 మందికి పైగా పోయారు. పక్కనే దానికి ఆనుకుని ఆల్టోనా అని ఇంకో ఊరు. రెండు ఊళ్లదీ ఒకే ఎల్బె నది నీళ్లు. నిజానికి ఆల్టోనా వాళ్లు తోడుకునేది హాంబర్గ్ మురుగంతా కలిసిన దిగువ నీళ్లు. కానీ ఆల్టోనాలో నీళ్లను ఇసుకలో మెల్లగా వడబోసి ఇచ్చేవాళ్లు, హాంబర్గ్‌లో వడబోత లేదు. సరిహద్దు వీధికి ఒక వైపు ఇళ్లలో శవాలు లేచాయి, ఎదురు వైపు ఇళ్లు బతికాయి. మన సరిహద్దు జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టేమో, ఆ వీధి నా మనసులోంచి పోదు.

పసిపిల్లలుంటే వాళ్ల నీళ్లు వేరే పెట్టు. స్టీలు క్యాండిల్ ఫిల్టరు చిన్నది ఒకటి తీసుకెళ్లు. తెల్ల పింగాణీ క్యాండిల్ చాలా క్రిములను ఆపుతుంది, క్లోరిన్‌కు లొంగని కొన్ని మొండి క్రిములను కూడా ఆపుతుంది. గంటకు లీటరో రెండో కంటే రావు, అందుకే ఇరవై మందికి అది చాలదు, పిల్లలకు చాలు. ఆ నీళ్లను ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చి పట్టు. ట్రాలీ కదిలేముందు క్యాండిల్ విప్పి, తుండుగుడ్డలో చుట్టి, బట్టల మధ్య పెట్టు. కుదుపులకు దానికి వెంట్రుక వాసి పగులు వచ్చినా కంటికి కనిపించదు, నీళ్లు మాత్రం ఆ పగులులోంచి వడబడకుండా దిగిపోతాయి. వారానికోసారి మెత్తటి బ్రష్షుతో మంచినీళ్ల కింద రుద్దు. సబ్బు తగలనివ్వొద్దు.

ఆర్వో మిషనే పెట్టుకుందాం అని కూడా మీలో ఒక మాట వచ్చిందట. ఉప్పునీ ఫ్లోరైడునీ తీసేది అదే, నిజమే. కానీ లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. కడవ నీళ్లకు ఊరవతలికి పోవాల్సిన దారిలో ఆ పారబోత పాపం. పైగా పది రోజులకు ఫ్లోరైడు గురించి బెంగ అక్కర్లేదని ముందే చెప్పుకున్నాం కదా.

ఇంత చేసిన నీళ్లనూ పాడు చేసేది చెయ్యి. క్యానులో చెంబు ముంచనివ్వొద్దు, ఎవరినీ, పెద్దవాళ్లనైనా సరే. నోరు తెరిచి చెప్పడానికి మొహమాటమైతే కుళాయి ఉన్న క్యాన్లే కొను, ముంచే అవకాశమే ఉండదు. క్యాను పక్కనే సబ్బు, ఒక మగ్గు నీళ్లు పెట్టు. వంట చేసేవాళ్లు, దొడ్డికి వెళ్లొచ్చినవాళ్లు చేతులు కడుక్కున్నాకే కుళాయి తిప్పాలని తొలిరోజే అందరి ముందూ చెప్పేయ్. మొదటి రోజు చెప్పిన మాట కట్టుబాటు అవుతుంది, నాలుగో రోజు చెబితే తగవు అవుతుంది.

వెంకటాపురం దగ్గర నీ ట్రాలీకి, నడిచేవాళ్లకు దారులు చీలిపోతాయి. బండి దోర్నాల మీదుగా చుట్టు తిరిగి కొండెక్కాలి, అడవి రోడ్డు రాత్రిపూట మూసేస్తారు కాబట్టి పగలే పోవాలి. నడిచేవాళ్లు నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాస ద్వారం ఎక్కుతారు. ఆ మెట్ల దారి నడిచే ప్రతివాళ్లూ, శ్రీశైలానికి మెట్లు కట్టించిన రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిని తలుచుకోవాలి. ఆరొందల ఏళ్లు దాటినా మన కాళ్లు ఆయన పుణ్యం మీదే నడుస్తున్నాయి. అడవిలో దేవస్థానం వాళ్లు, దాతలు నీళ్ల ఏర్పాట్లు చేస్తారు. అయినా ఎవరి స్టీలు సీసా వాళ్ల భుజానికి ఉండాలి, అందులో నువ్వు మాత్ర వేసిన నీళ్లుండాలి. జేబులో నాలుగు మాత్రలు, ఒక పాత చీర ముక్క కూడా ఇవ్వు. భీముని కొలను చూస్తే దోసిళ్లతో తాగాలనిపిస్తుంది, వద్దని చెప్పు. అది పులుల అడవి. మనం విసిరేసే ప్లాస్టిక్ పొట్లాలను జింకలు తింటాయి. నీ ట్రాలీ మూలనున్న ఫిల్టరు చేసే పెద్ద మేలు ఇంకోటి ఇదే, ఇరవై మంది చేతుల్లో నీళ్ల పొట్లాలు లేకుండా చేస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం కలిపి పట్టించు. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తల గీసిన చెంచాలు సుమా, కుప్ప పోసినవి కాదు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. మల విసర్జనలో రక్తం పడినా, పిల్ల మత్తుగా పడి ఉన్నా, ఒంటేలు ఆగినా మొక్కుబడి సంగతి తర్వాత, దగ్గర ఆసుపత్రికి బండి తిప్పు. మల్లయ్య ఏమీ అనుకోడు.

తిరిగొచ్చాక ఆ దారపు చుట్ట, కార్బన్ తీసి పారెయ్. దాచుకుని మళ్లీ ఏడాది వాడొద్దు, తడి ఆరని క్యాట్రిడ్జిలో ఏం పెరుగుతుందో చెప్పనక్కర్లేదు. గిన్నెలు, డ్రమ్ము కడిగి ఎండబెట్టి బోర్లించు.

ఒక్కటి మాత్రం నీ నుంచి నాకు మాట కావాలి. ఈ ఫిల్టరు బాగా పనిచేసింది కదా అని దాన్నే తెచ్చి వంటింట్లో పెట్టుకుని మీ ఊరి బోరు నీళ్లు తాగొద్దు. దారిలో పనికొచ్చిన ఈ సరంజామా ఫ్లోరైడును వేలితో కూడా తాకలేదు. కాచినా అది పోదు, నీళ్లు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. దాన్ని తీయడానికి మన తెలుగు ఊరి పేరుతోనే నల్గొండ పద్ధతి ఉంది, నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. పటిక, సున్నం కలిపి తీస్తారు. కానీ నీళ్లలో ఎంత ఫ్లోరైడుందో కొలిచాకే ఆ పాళ్లు తెలుస్తాయి, చేతి అందాజుతో చేసేది కాదు. కొలిచే ఏర్పాటు మన చేతికి అందే దూరంలోనే ఉంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో కనీసం అయిదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించి కిట్లు ఇవ్వాలని నియమం పెట్టారు. మీ పంచాయతీకి వెళ్లి ఆ అయిదుగురు ఎవరని అడుగు. నేర్పించి ఉంటే మీ బోరు నీళ్లు పరీక్ష చేయించు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు పిల్లలకు పోయొద్దు, కాలువ నీళ్ల పథకం కోసం నలుగురిని కూడగట్టి అర్జీ పెట్టండి. ఆ అయిదుగురిలో ఇంకా ఎవరూ లేరంటే, ముందు నీ పేరు రాయించుకో చెల్లీ.